నెల రోజుల వైరింగ్ ట్రైనింగ్: ఫీజు లేదు, ఖర్చు మాత్రం ఉంది

పదో తరగతితో చదువు ఆగిపోయి, పెళ్లై, ఇంట్లో చంటిబిడ్డ ఉండి, నిలకడైన పని లేనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆర్‌సెటి అనే శిక్షణ సంస్థలో ఇచ్చే హౌస్ వైరింగ్ ట్రైనింగ్ గురించి యూట్యూబ్‌లో వీడియోలు బోలెడు. అన్నీ ‘ఉచిత శిక్షణ, ఉచిత భోజనం, ఉచిత వసతి’ అని మొదలై ‘లింక్ కింద ఇచ్చాను’ దగ్గర ఆగిపోతాయి. పెళ్లికాని కుర్రాడికి ఆ మాత్రం చాలు. ఇంటికి సరుకులు తెచ్చేది తనొక్కడే అయినవాడికి చాలదు. మనం నెల రోజులు హాస్టల్లో కూర్చుని వేళకి తింటుంటే ఇంట్లో వాళ్ల గతేంటి అన్నది ఏ వీడియోలోనూ ఉండదు.

మార్కులు ముందే ఇచ్చేస్తున్నా. ట్రైనింగ్‌కి ఐదుకి నాలుగు. సంసారం ఉన్నవాడికి ఎంత అనుకూలం అని అడిగితే మూడే. నేను వెళ్లింది ఏ జిల్లాలోదో రాయను. కోర్సు, రోజువారీ పద్ధతి అన్నిచోట్లా దాదాపు ఒకటే. తిండి, హాస్టలు, నేర్పే సార్లు మాత్రం ఊరిని బట్టి మారతారు.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఆర్‌సెటి అంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో బ్యాంకులు నడుపుతాయి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల ట్రస్టు, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి రుడ్‌సెటి అని ఒకటి పెట్టాయి. అది బాగా నడవడంతో అదే పద్ధతిని ప్రభుత్వం జిల్లా జిల్లాకీ తెచ్చింది. మన దగ్గర వేటపాలెం, అనంతపురం, ప్రొద్దుటూరులో రుడ్‌సెటి పేరుతోనే ఉన్నాయి. సెల్‌ఫోన్ రిపేరు, ఫ్రిజ్-ఏసీ, మోటారు రివైండింగ్, టైలరింగ్, బ్యూటీపార్లర్, పాడి పశువుల పెంపకం, ఇలా చాలా కోర్సులున్నాయి. పల్లెటూరి పేద కుటుంబాల వాళ్లకే మొదటి చోటు. రేషన్ కార్డో, ఉపాధి హామీ కార్డో, ఇంట్లో ఒకరికి డ్వాక్రా సభ్యత్వమో ఉంటే పని సులువు.

ఇక నా సంగతి. గుంటూరు చుట్టుపక్కల మాలాంటివాళ్లకి మిర్చే దిక్కు. కోల్డ్ స్టోరేజీలో ముఠాతో, అంటే హమాలీల జట్టుతో కలిసి టిక్కీలు మోసేవాణ్ణి. టిక్కీ అంటే మిరపకాయల బస్తా, నలభై కిలోల పైమాటే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా పగలూ రాత్రీ తేడా లేకుండా పని, చేతినిండా డబ్బు. మే వచ్చేసరికి మిర్చి యార్డుకి వేసవి సెలవులు. ఆ తర్వాత సరుకు కదిలిన రోజే కూలి. మా ఆవిడ తొడిమలు తీసే పనికి వెళ్లేది. ఆ పని ఆడవాళ్లంతా వరుసగా కూర్చుని చేస్తారు, కిలోల లెక్కన ఇస్తారు. బాబు పుట్టాక వాణ్ణి పక్కన పడుకోబెట్టుకుని వెళ్లింది గానీ ఆ ఘాటుకి పసివాడికి దగ్గు పట్టుకుంది. చున్నీ ఎంత కప్పినా, ఆ చేతులతోనే కదా వాణ్ణి ఎత్తుకోవాలి. మానేసింది. కాన్పుకి తెచ్చిన నలభై వేలు నూటికి మూడు రూపాయల వడ్డీ మీద అలాగే ఉన్నాయి. నెలకి పన్నెండు వందలు వడ్డీకే పోతాయి, అసలు జోలికి వెళ్లేదే లేదు.

పదో తరగతి మెమోకి బయట దొరికే పనులేంటో అందరికీ తెలిసినవే. సెక్యూరిటీ గార్డు అంటే పన్నెండు గంటల డ్యూటీ. సూపర్ మార్కెట్లో బిల్లింగ్‌కి ఇంటర్ అడుగుతారు, మనల్ని గోడౌన్లో పెడతారు. డెలివరీకి సొంత బండి, లైసెన్సు, మంచి ఫోను ఉండాలి, పెట్రోలు మనదే. ‘పది ఫెయిలైనా పర్లేదు, ప్యాకింగ్ జాబ్, జీతం 22,000, రూము ఫ్రీ’ అని కరెంటు స్తంభాలకి అంటించే కాగితాలు చూసే ఉంటారు. ఆ నంబరుకి మా బావమరిది ఫోన్ చేశాడు. రిజిస్ట్రేషన్‌కి కొంత, యూనిఫాంకి కొంత కట్టించుకుని హైదరాబాద్ పంపారు. అక్కడ వాడికి ఇచ్చింది లోడింగ్ పని. జీతం చెప్పినదాంట్లో సగం, రూము అద్దె అందులోనే కోత. వాడు తిరిగొచ్చేసరికి ఆ నంబరు స్విచాఫ్. ఉద్యోగం ఇప్పించడానికి మన దగ్గరే ముందు డబ్బడిగేవాడి గురించి ఇంతకంటే రాయను, టైమ్ వేస్ట్.

ఆర్‌సెటి సంగతి మా ఆవిడ డ్వాక్రా మీటింగులో విని వచ్చింది. వాళ్ల వీఓఏ గారు (ఊళ్లో గ్రూపుల పనులు చూసే ఆవిడ) చెప్పారట, వైరింగ్ బ్యాచ్‌కి మనుషులు తక్కువగా ఉన్నారు, మీ ఇంట్లో ఎవరైనా ఉంటే పంపండి అని. “నువ్వెలాగూ మేలో ఖాళీయేగా, వెళ్లు. బస్తాలు మొయ్యడానికి నీకు ఇంకెన్నేళ్లు వయసుంటుంది?” అంది. ఇరవై ఏడేళ్లకే నా నడుం పట్టేసేది, తను రోజూ చూస్తూనే ఉంది.

సెలక్షన్ పెద్ద గొడవేం కాదు. ఆధార్, రేషన్ కార్డు, పదో తరగతి మెమో, బ్యాంకు పాస్‌బుక్, ఫొటోలు. తర్వాత ఇద్దరు కూర్చోబెట్టి మాట్లాడతారు. ఎందుకొచ్చావు, నేర్చుకుని ఏం చేస్తావు, మీ ఊళ్లో వైరింగ్ చేసేవాళ్లు ఎందరున్నారు అని అడిగారు. నెల రోజులూ ఇక్కడే ఉండాలి, ఉంటావా అని మాత్రం ఒకటికి రెండుసార్లు అడిగారు. మధ్యలో వెళ్లిపోయేవాళ్లలో పెళ్లైనవాళ్లే ఎక్కువట. మరి అలాంటివాళ్ల కోసం ఏమైనా చేస్తారా అంటే, ఏమీ లేదు. రోజుకింత అని స్టైపెండ్ లేదు. ఇక్కడ నాకు కొంచెం మండుతుంది. చేతివృత్తులవాళ్ల కోసం 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో ట్రైనింగ్ రోజులకి రోజుకి 500 ఇస్తారు, పనిముట్లకి 15,000 దాకా వోచరు ఇస్తారు. అందులో 18 వృత్తులున్నాయి. దర్జీలు, మంగలివాళ్లు, తాపీమేస్త్రులు, వడ్రంగులు, చివరికి చేపల వలలు అల్లేవాళ్లు కూడా ఉన్నారు, ఉండాల్సిందే. ఎలక్ట్రీషియన్ లేడు. మీ పని ఆ 18లో ఉంటే ముందు అటు కనుక్కోండి, ఆ తర్వాతే ఇటు రండి.

సరే, ఆ నెల ఇల్లెలా గడిచిందో రాస్తాను, అసలు ఈ రివ్యూ మొదలుపెట్టిందే అందుకు.

మొదట కలిసొచ్చింది యార్డు సెలవులు. మేలో ఇంట్లో ఉన్నా నాకు పెద్దగా కూలి రాదు. కాబట్టి పోగొట్టుకున్నది నిండు సీజన్ సంపాదన కాదు, అప్పుడప్పుడు దొరికే అడ్డాకూలి. సీజన్ పనులు చేసేవాళ్లెవరైనా ముందు బ్యాచ్ తేదీ చూసుకోండి. వరి కోతల్లోనో, పత్తి తీతల్లోనో, ఇటుక బట్టీలు నడిచే రోజుల్లోనో బ్యాచ్ ఉంటే వదిలేసి తర్వాతదానికి పేరు రాయించుకోండి. సంస్థలో ఏడాది మొత్తానికి ఏ కోర్సు ఎప్పుడో ప్లాన్ ఉంటుంది, అడిగితే చెబుతారు.

రెండోది, మా ఆవిడ బాబుని తీసుకుని పుట్టింటికి వెళ్లింది. అద్దె ఇల్లు ఖాళీ చేయలేదు, చేస్తే మళ్లీ దొరకదు. అద్దె రెండున్నర వేలు, వడ్డీ పన్నెండు వందలు, గ్యాసు, బాబుకి పాలు, ఏదైనా జ్వరమొస్తే మందులు. ఎంత ముడుచుకున్నా ఆరువేలకి తగ్గలేదు. రేషన్ బియ్యం మనిషికి ఐదు కిలోల లెక్కన వచ్చాయి, అవి అత్తగారింటికి చేర్చాను. అంగన్‌వాడీలో బాబుకి బాలామృతం ఇస్తారు. పుట్టిన ఊళ్లో పేరుండి ఇంకో ఊళ్లో ఉంటే ఇవ్వరేమోనని మా ఆవిడ భయపడింది గానీ, అక్కడి టీచరమ్మ మా ఊరి టీచరుతో ఫోన్లో మాట్లాడి ఇచ్చేసింది. మీరూ వెళ్లేముందే ఆ ఏర్పాటు చూసుకోండి. మిగతా డబ్బు కోసం ఏప్రిల్‌లో ముఠా దగ్గర రావాల్సిన బాకీ గట్టిగా అడిగి తీసుకున్నాను. మా మామ ఒక్క మాట అనలేదు. అత్త కూడా అనలేదు గానీ, “అల్లుడు చదువుకోడానికెళ్లాడు” అని వీధిలో అందరికీ చెప్పుకుంటుంటే అది పొగడ్తో దెప్పిపొడుపో నాకిప్పటికీ తెలీదు.

‘ఉచితం’ అన్న మాటకి నా లెక్కన ఖరీదు ఆరేడువేలు. ఇంతకంటే పెద్ద సంసారమైతే ఇంకా ఎక్కువ. ఆ మాత్రం చేతిలో లేకుండా వెళితే వారం తిరక్కుండా ఫోన్లు మొదలవుతాయి, మనసు అక్కడ నిలవదు. మా బ్యాచ్‌లో ఇద్దరు అలాగే వెళ్లిపోయారు. వాళ్లలో ఒకడు నాకంటే చురుగ్గా పని పట్టుకున్నవాడు. పాపకి ఒంట్లో బాలేదని వెళ్లి మళ్లీ రాలేదు. ట్రైనింగ్‌కి నాలుగిచ్చి సంసారం ఉన్నవాడికి మూడే అని నేను కోసిన ఆ ఒక్క మార్కు అతని లెక్కలోదే.

హాస్టల్ సంగతి త్వరగా చెప్పేస్తాను. డార్మిటరీ, మంచాలు, ఫ్యాన్లు ఉన్నాయి. మే నెల, గుంటూరోడికే ఉక్కపోత అనిపించింది. పొద్దున టిఫిను, రెండు పూటలా అన్నం. సాంబారు పల్చన, గుడ్డు వారానికి కొన్నిసార్లు. వేలిముద్ర హాజరు, పొద్దున్నే యోగా, ప్రార్థన, ఆవరణ ఊడవడం. మొదటి రెండు రోజులు చిన్నపిల్లల బడిలా అనిపించి సిగ్గేసింది. తర్వాత అలవాటైపోయింది.

క్లాసు ‘మిల్లీ’తో మొదలవుతుంది. నిన్న నేర్చుకున్నదాంట్లో ముఖ్యమైనదేదో ఒకరు లేచి అందరి ముందూ చెప్పాలి. స్కూల్లో ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చున్నవాళ్లకి ఇది పెద్ద టెన్షన్. నా వంతు వచ్చినరోజు నీళ్లు నమిలాను. కానీ తర్వాత ఒక ఇంటావిడకి బిల్లు ఎందుకంత అయ్యిందో వివరంగా చెప్పాల్సొచ్చినప్పుడు ఆ అలవాటే అక్కరకొచ్చింది.

మొదటి రోజుల్లో వైరు ముట్టనివ్వరు, ఆటలాడిస్తారు. నవ్వొచ్చింది, నిజం. కళ్లకి గంతలు కట్టి చెక్క దిమ్మెలు ఒకదాని మీద ఒకటి పేర్చమంటారు. ఎన్ని పేరుస్తావో ముందే నీ నోటితో నువ్వే చెప్పాలి. ఇంకోటి రింగులు విసరడం. ఎంత దూరం నుంచి వేస్తే అన్ని మార్కులు, ఎక్కడ నిలబడాలో నీ ఇష్టం. పెళ్లికాని కుర్రాళ్లు చివరి గీత దగ్గరికి పోయి విసిరారు, ఒక్కటీ పడలేదు. మాలాంటి పిల్లలున్నవాళ్లం అందరం మొదటి గీత దగ్గరే నిలబడ్డాం. అన్నీ పడ్డాయి, మార్కులు మాత్రం చారెడు. సార్ మమ్మల్ని చూసి, “మీరు ఎప్పటికీ ఇక్కడే నిలబడతారా? ఒక్క అడుగు వెనక్కి వెయ్యండి, రెండు పోతే పోనీ” అన్నారు. చెప్పడం తేలికే. పోయే ఆ రెండూ ఇంట్లో ఎవరికి తగులుతాయో రింగులాటలో కనబడదు. అయినా ఆ మాట మీద ఆ రాత్రి డార్మిటరీలో చాలాసేపు వాదులాడుకున్నాం.

ఇక అసలు పని. నేర్పిన సార్ బయట కాంట్రాక్టులు చేసే మనిషి, పుస్తకం మనిషి కాదు. అందుకే నాలుగు మార్కులు. మొదట చెప్పింది, టెస్టర్‌ని నమ్మకు అని. ఏదైనా లైనులో కరెంటు లేదని నిర్ధారించుకునే ముందు, కచ్చితంగా కరెంటు ఉన్న చోట టెస్టర్ పెట్టి అది వెలుగుతోందో లేదో చూసుకోవాలి. పాడైన టెస్టర్ ఎక్కడ పెట్టినా వెలగదు, మనమేమో కరెంటు లేదనుకుని చెయ్యి పెడతాం. ఆ ఒక్క అలవాటు ఆయన మా చేత ఎంత చేయించారంటే, ఇప్పుడు ఇంట్లో బల్బు మార్చేటప్పుడు కూడా ముందు ఫ్రిజ్ ప్లగ్గు దగ్గరికి వెళ్లి వస్తాను.

చెక్క బోర్డు మీద ఒక స్విచ్, ఒక బల్బుతో మొదలుపెట్టి, మెట్ల దగ్గర పైన వేసి కింద ఆర్పే టూవే, గోడౌన్ వైరింగ్, ఫ్యాన్‌కి కెపాసిటరు, సిరీస్ ల్యాంపుతో తప్పు పట్టుకోవడం, డీబీలో (ఇంటి కరెంటంతా పంచే పెట్టె) ఎంసీబీలు (లోడు మించితే పడిపోయే బ్రేకర్లు) బిగించడం, ఎర్తింగ్ దాకా వెళ్లింది. లైట్లకి సన్న వైరు, గీజరుకి రెండున్నర స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరు, ఏసీకి నాలుగు అని ఎవడైనా బట్టీ పడతాడు. వైరు సైజుకి మించిన ఎంసీబీ పెడితే ఏమవుతుందో మా కళ్లముందు చేసి చూపించారు. బ్రేకరు పడలేదు, వైరు తొడుగు మెత్తబడి పొగ వచ్చింది. “ఇల్లుగలవాడు మాటిమాటికీ ట్రిప్పవుతోందని గోలపెడతాడు, మీరు పెద్ద బ్రేకరు పెట్టి నోరు మూయిస్తారు. ఎండాకాలం ఒక రాత్రి ఆ గోడలో ఇదే జరుగుతుంది” అన్నారు.

నాకు బాగా గుర్తుండిపోయింది స్విచ్ ఏ వైరు మీద ఉండాలన్న సంగతి. స్విచ్ ఎప్పుడూ ఫేజు మీద, అంటే కరెంటు వచ్చే వైరు మీద ఉండాలి. న్యూట్రల్ (కరెంటు తిరిగెళ్లే వైరు) మీద పెట్టినా లైటు వెలుగుతుంది, ఆరుతుంది, చూసేవాడికి తేడా తెలీదు. కానీ స్విచ్ కట్టేసినా హోల్డరులో కరెంటు ఉంటుంది. అలాంటిచోట కొన్ని ఎల్‌ఈడీ బల్బులు ఆర్పేశాక కూడా చీకట్లో మిణుకుమిణుకుమంటుంటాయి. సార్ అది చెబుతున్నప్పుడు నాకు మా అద్దింటి వెనక గది గుర్తొచ్చింది. రాత్రిళ్లు ఆ బల్బు అలాగే వెలిగీ వెలగనట్టు ఉండేది, బాబు దాన్ని చూస్తూ నిద్రపోయేవాడు. బెడ్‌లైటు కొనే పని తప్పింది అనుకునేవాళ్లం. ఇంటికొచ్చాక బోర్డు విప్పి చూస్తే అనుకున్నట్టే ఉంది. సరిచేశాను. రెండు రాత్రులు వాడు నిద్రపోకుండా సతాయించాడు, అది వేరే సంగతి. ఇంటి ఓనరు గారు విషయం తెలిసి మిగతా రెండు పోర్షన్లు కూడా చూడమన్నారు. ఒకచోట ఫ్రిజ్ ముట్టుకుంటే జిల్లుమంటోంది, మూడు పిన్నుల ప్లగ్గుకి ఎర్త్ వైరే లాగలేదు. కరెంటు లీకైతే లైను కట్టేసే ముప్ఫై మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ పెట్టించి, ఎర్త్ లాగాను. నా మొదటి సంపాదన అదే. ఓనరు గారు డబ్బు చేతికివ్వకుండా అద్దెలో తగ్గించారు.

లోపాలు చెప్పాలి. పెద్దది, ట్రైనింగ్ అంతా బోర్డుల మీద, గోడ పైన వేసే పైపుల మీద జరుగుతుంది. బయట ఇప్పుడు ఎవరూ అలా చేయించుకోరు, అంతా గోడలోపలే. స్లాబు పోయకముందు పైపులు పరచడం, కాంక్రీటు పోసేటప్పుడు పైపు తొక్కి పగలకుండా కాపలా ఉండటం, కటింగ్ మెషీన్‌తో గోడ కోయడం, పైపులోంచి స్ప్రింగు తోసి వైరు లాగడం, ఇదీ సైట్లో పని. ట్రైనింగయ్యాక పనికి చేరిన మొదటిరోజు మేస్త్రి నా చేతికి కటింగ్ మెషీన్ ఇచ్చినప్పుడు దుమ్ముకి కళ్లు కనబడలేదు. “సర్టిఫికెట్టు ఉందన్నావుగా?” అని నవ్వాడు. నెల కోర్సులో కనీసం ఐదారు రోజులు ఏదైనా కట్టే ఇంటికి తీసుకెళ్లి ఉంటే బావుండేది. మీరు చేరితే అడగండి. అందరూ కలిసి అడిగితే కాదనలేరేమో.

రెండోది పనిముట్లు. మా బ్యాచ్‌కి టూల్‌కిట్ ఇవ్వలేదు. టపారియా కటింగ్ ప్లేయరు, స్క్రూడ్రైవర్లు, టెస్టరు, సుత్తి, వైరు స్ట్రిప్పరు వరకు కొంచెం కొంచెంగా కొనుక్కోవచ్చు. డ్రిల్లింగ్ మెషీన్ దగ్గర ఆగిపోతాం. మొదట్లో కొనకండి, మేస్త్రి దగ్గర ఉంటుంది. ప్లేయరు మీద మాత్రం పీనాసితనం వద్దు, పిడి తొడుగు ఊడిపోయే చవకరకం ప్రాణం మీదికి తెస్తుంది.

మూడోది లోపం కాదు గానీ చాలామంది పొరబడే విషయం. చివర్లో పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు. అది వైర్‌మన్‌గా పనిచేయడానికి ప్రభుత్వం ఇచ్చే పర్మిట్ కాదు. దాని దారి వేరు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ రెండేళ్లు చదివినవాడి కాగితమూ మన కాగితమూ ఒకటి కావు. కంపెనీల్లో మెయింటెనెన్స్ ఉద్యోగాలకి వెళితే ఐటీఐ ఉందా అనే అడుగుతారు. ఈ సర్టిఫికెట్ చూపిస్తే ఉద్యోగం వచ్చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. సంస్థ పేరులోనే స్వయం ఉపాధి అని ఉంది, వాళ్లు ఉద్యోగం ఇప్పిస్తామని చెప్పలేదు కూడా.

లోన్ గురించి అందరూ అడుగుతారు. ట్రైనింగయ్యాక బ్యాంకు లోన్‌కి దారి చూపిస్తారు. కేంద్రం ముద్ర లోన్లలో ‘శిశు’ కింద 50,000 వరకు అడగొచ్చు. నేను తీసుకోలేదు. వైరింగ్ పనికి షాపు అక్కర్లేదు, చేతి సంచి చాలు. ఉన్న మూడు రూపాయల వడ్డీ తీర్చుకోవడానికి ఆ లోన్ వాడదామా అనిపించింది గానీ మా ఆవిడ ఒప్పుకోలేదు. తన డ్వాక్రా గ్రూపులో తక్కువ వడ్డీకి తీసుకుని, ఆ కాన్పు అప్పులో సగం కట్టేసింది. నెల తిరిగేసరికి వడ్డీకి పోయేది ఆరువందలకి దిగింది. ఈ మొత్తం కథలో డబ్బుకి సంబంధించి జరిగిన తెలివైన పని అదొక్కటే, అదీ తనదే.

ట్రైనింగ్ తర్వాత రెండేళ్లు వాళ్లు మనల్ని కనిపెట్టుకుని ఉంటారని రూలు. నిజంగానే ఫోన్లు చేస్తారు. పని దొరికిందా, ఎంత వస్తోంది, బ్యాంకు ఖాతాలో వేస్తున్నావా అని అడుగుతారు. ఒకసారి ఒకాయన సైటుకొచ్చి, నా చేతికి ప్లేయరిచ్చి బోర్డు ముందు నిలబెట్టి ఫొటో తీసుకున్నారు. ఆ బోర్డు నేను చేసింది కాదు, పక్కవాడిది. పర్లేదు నిలబడు అన్నారు. నవ్వుకున్నాం గానీ, మేస్త్రి కూలి ఆపినప్పుడు ఏం చెయ్యాలో ఫోన్లో ఓపికగా చెప్పిందీ ఆయనే.

ఇప్పటి పరిస్థితి ఇది. మేస్త్రి దగ్గర హెల్పరుగా చేరినప్పుడు రోజుకి ఆరువందలు, ముఠాలో సీజన్ కూలికంటే తక్కువ. ఇంట్లో గొడవ కూడా అయ్యింది, దీనికోసమా నెల రోజులు పోయొచ్చింది అని. అయితే ఇది ఏడాది పొడుగునా ఉంటుంది, వానాకాలం కొంచెం మందగిస్తుందంతే. శనివారం కూలి బట్వాడా. ఇప్పుడు పాయింట్ల లెక్కన (ఒక్కో లైటుకో ప్లగ్గుకో ఇంత అని) సొంతంగా చిన్న ఇళ్లు ఒప్పుకుంటున్నాను, ఆదివారాలు ఊళ్లో ఫ్యాన్లు, మోటారు స్టార్టర్లు. తెలిసినవాళ్లు డబ్బివ్వడానికి మొహమాటపడతారు, టీ మాత్రం రెండుసార్లు ఇస్తారు. మా ఆవిడ ఒక పుస్తకం పెట్టి ఎవరెంత ఇవ్వాలో రాస్తోంది. మిర్చి సీజన్‌లో ముఠావాళ్లు ఇంకా పిలుస్తారు. మొన్న జనవరిలో చేతిలో ఒక ఇల్లు పని ఉంది కాబట్టి వెళ్లలేదు. ఇల్లు పని లేకపోతే వెళ్లేవాణ్ణి, అందులో దాచేదేముంది.

మేమూ చేరొచ్చా అని ఆడవాళ్లు అడుగుతున్నారు కాబట్టి ఒక్క మాట. మా బ్యాచ్‌లో ఒకామె ఉంది, వాళ్లాయనది మోటార్ల రిపేరు షాపు. ప్యానల్ డ్రెస్సింగ్ (పెట్టెలో వైర్లు వరుసగా సర్దడం) ఆమె చేసినంత నీటుగా మాలో ఎవరూ చెయ్యలేదు. ఆమె పిల్లలు పెద్దవాళ్లు కాబట్టి హాస్టల్లో ఉండగలిగింది. చంటిపిల్లల తల్లులకి నెల రోజులు అక్కడ ఉండటం కష్టం. టైలరింగ్ లాంటివి ఒక్కోసారి ఊళ్లోనే ఆఫ్‌క్యాంపస్ బ్యాచ్‌గా పెడతారు, మీ మండలంలో డ్వాక్రా గ్రూపులు గట్టిగా అడిగితే వచ్చే అవకాశం ఎక్కువ. మా ఆవిడ దానికోసమే చూస్తోంది.

చేరాలనుకుంటే ఫోన్లో అడిగి ఊరుకోకండి, ఆఫీసుకి వెళ్లండి. ఒక విషయంలో గట్టిగా ఉండండి. వైరింగ్ బ్యాచ్ దగ్గరలో లేకపోతే, ఖాళీలున్న కోర్సు ఏదో అందులో కూర్చోమంటారు. నాతోపాటు పేరు రాయించుకున్న ఒకతన్ని అలాగే పుట్టగొడుగుల పెంపకంలో కూర్చోబెట్టారు. అతనికి సొంత గది లేదు, అద్దింట్లో పుట్టగొడుగులు పెంచనిచ్చే ఓనరు ఎవరూ దొరకలేదు. మీకు కావాల్సింది వైరింగే అయితే పేరు, ఫోన్ నంబరు రాయించి, రిజిస్టరులో కోర్సు పేరు దగ్గర ఏం రాశారో చూసుకుని మరీ రండి.